మా నాన్నగారి కరణీకము

కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరులోపల, ఆ పాయల నడుమ ఒండ్రు పేరుకొని ఏర్పడిన నేలకు దివిసీమ యని పేరు. ఒకవంక తియ్యని యేటినీరును వేఱొకవంక ఉప్పునేలలును గల ఆ సీమలో సార్వాకు వరియు, ఆ వరి కోతకు రాకమునుపే చేనిలో చల్లిన మినుమును పండును. హంసలదీవిలో మాఘపూర్ణిమనాడు సాగరసంగమ స్నానమునకై జనము బండ్లు కట్టుకొని పోవు త్రోవలో, చింతలును తాడిచెట్లును గల యొక చిన్న గ్రామము మాది. ఆ గ్రామమునకు మా నాన్నగారు నలువది యేండ్లకు కొంచెము తక్కువగా కరణముగా నుండిరి. అంతకుముందు మా తాతగారును, ఆయనకు ముందు వారి పెదతండ్రిగారును ఆ పనియే చేసిరి. ఇప్పుడా యుద్యోగమే లేదు. ఆ యుద్యోగమును, దాని నల్లుకొని యుండిన గృహజీవనమును, తల్లిలేని నలుగురు బిడ్డలను అందులోనే పెంచి పెద్దచేసిన యొక మనుష్యుని తీరును కన్నులార చూచినవారు నా తరముతో సరి యగుదురు గనుక, నాకు తెలిసినంత మట్టుకు వ్రాసి యుంచుట ధర్మమని తోచినది.

కరణమనగా నేటి పిల్లలకు సినిమాలోని యొక వేషము మాత్రమే తెలియును; చెవిమీద కలము, చంకలో కాగితముల కట్ట, నోట మాయమాట. ఆ పని యెట్టిదో చెప్పిన గాని మా నాన్నగారెట్టివారో బోధపడదు. గ్రామములో శిస్తు వసూలు చేయువాడు మునసబు. కావలి కాయువాడు తలారి. కబురు మోయువాడు వెట్టి. కాలువనీటిని చేలకు మలపువాడు నీరుకట్టు. ఈ యందఱి పనికిని లెక్క వ్రాసి నిలుపువాడు కరణము. ఏ సర్వే నెంబరులో ఎన్ని యెకరముల ఎన్ని సెంట్లు కలదు, అది మాగాణియా మెట్టయా, పట్టా యెవరి పేరనున్నది, సాగెవరు చేయుచున్నారు, ఈ యేడు అందేమి వేసిరి, ఏమి పండినది, ఏది పోరంబోకు, ఏది ఇనాము, ఏ డొంక యెంత వెడల్పు అను సంగతులన్నియు ఏటేట క్రొత్తగా చూచి అడంగలులో ఎక్కింపవలయును. ఈ లెక్కలకు సంవత్సరము ఫసలీ. అది జులై 1వ తేదీన ఆరంభమగును. ఆ నాటి యింగ్లీషు సంవత్సరమునుండి 590 తీసివేసినచో ఫసలీ తేలును. కావున మా యింట రెండు సంవత్సరాదులుండెడివి. ఉగాదినాడు వేపపూవు పచ్చడి తినుట ఒకటి. తొలకరి మబ్బుల క్రింద, నలుగురు పిల్లలమును కాగితములు కదలకుండ నాలుగు మూలల పట్టుకొనగా, నాన్నగారు రూళ్ళకఱ్ఱతో ఎఱ్ఱసిరా గీతలు గీసి క్రొత్త అడంగలునకు గడులు కట్టుట రెండవది. గీత వంకర పోయిన నేరము కాగితము పట్టినవారిదే యని మేమొకరి మీద నొకరము చెప్పుకొనుచుండగా ఆయన నవ్వుచు మఱియొక కాగితము తీసెడివారు.

మా యింటి వీథి అరుగే కచేరి. అరుగుమీద ఏటవాలు మూత గల వ్రాతపెట్టె, దానిప్రక్క సిరాబుడ్డి, గోడవారగా ఎఱ్ఱని గుడ్డలో కట్టిన దస్త్రము ఉండెడివి. లోపలి గదిలోని భోషాణములో తాతగారినాటి పాత కాగితములును, అంతకుముందటి తాటాకు కవిలెకట్టలు కొన్నియు నుండెడివి. తాతగారిది గొలుసుకట్టు వ్రాత. కలము ఎత్తకుండ ఒక అక్షరమునుండి మఱియొక అక్షరమునకు సాగిపోవు ఆ లిపిని చదువగలవారు మా చుట్టుప్రక్కల గ్రామములలో నాన్నగారితో ఆగిపోయిరి. దస్త్రము నేల తాకరాదని మా యింట కట్టడి. దానిని దాటరాదు, దానిమీద చేయి ఆన్చరాదు; దసరానాడు సరస్వతీపటము ముందు దానికి కుంకుమబొట్టు పెట్టెడివారు. దూలమునకు వ్రేలాడుచుండిన ఇనుప గొలుసు మాత్రము మాకాటవస్తువు. నూరు లంకెలు గల ఆ గొలుసు నిడివి 66 అడుగులు. పది గొలుసుల పొడవును ఒక గొలుసు వెడల్పును గల నేల సరిగా ఒక యెకరమగును. ఈ లెక్క మేము ఎక్కములకన్న ముందు నేర్చితిమి.

మా గ్రామము చల్లపల్లి జమీనులోనిది. నాన్నగారు చేరిన క్రొత్తలోనే 1948వ సంవత్సరపు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి, జమీందారీ పోయి, రైతువారీ సర్వేయు సెటిల్మెంటును జరిగినవి. ఆ మార్పు మధ్య ఆయన పడిన శ్రమ నేను చూడలేదు. మా మేనత్త చెప్పగా విన్నదే. నాకు తెలిసినది ఆ తరువాతి యేటేటి చక్రము. పైరు నిలిచియున్న దినములలో అజమాయిషీ. అనగా ప్రతి చేనికిని స్వయముగా పోయి పైరు చూచి వ్రాసికొనుట. సంక్రాంతి దాటినది మొదలు శిస్తు కిస్తులు. ఫసలీ ముగియునప్పుడు అవనిగడ్డ తాలూకా కచేరీలో జమాబందీ, అనగా ఆ యేటి గ్రామలెక్కల తనిఖీ. జమాబందీకి ముందు వారము రోజులు మా యింట దీపము ఆరెడిది కాదు. అంకణములన్నియు అడ్డముగను నిలువుగను కూడి, రెండు మొత్తములును ఒకటియే యయినపుడు ఆయన ముఖమున కనబడు తృప్తిని నేను మరల ఏ పూజ చేసి లేచిన వాని ముఖమునను చూచి యెఱుగను. కాని ఆ రాత్రులయందు కూడ, నిద్రలో ఏ బిడ్డ దగ్గినను ఆయన కలము క్రింద పెట్టి లేచి వచ్చెడివారు.

నాకు తొమ్మిదవ యేట మా అమ్మ విషజ్వరముతో పోయినది. కడగొట్టు చెల్లెలికప్పటికి రెండేండ్లు. ఏడాది తిరుగకముందే బంధువులు నాన్నగారికి మరల పెండ్లి చేయ తలపెట్టి, పిల్లను చూచి, కట్నకానుకల మాట కూడ ఆడుకొని వచ్చి అరుగుమీద కూర్చుండిరి. నేను తలుపు చాటున నుంటిని. అంతయు విని నాన్నగారు, "ఆ పిల్ల మంచిదే కావచ్చు బాబాయిగారూ, నేనే రెండు మనసులవాణ్ణవుతాను. వీళ్ళకి ఒకసారి తల్లి పోయింది చాలు. తండ్రి కూడా సగం పోవడం ఎందుకు?" అని, వచ్చినవారికి మజ్జిగ ఇప్పించి పంపివేసిరి. విధవరాలగు మా మేనత్త వంటకు వచ్చినది. తక్కిన తల్లిపని ఆయన తానే యెత్తుకొనిరి. తెల్లవాఱగనే, రైతులు రశీదులతోను అర్జీలతోను వచ్చి అరుగు క్రింద నిలిచియుండగా, ఆయన మా అక్కను ముందు కూర్చుండబెట్టుకొని నూనె రాసి, చిక్కుతీసి, మూడు పాయల జడ అల్లెడివారు. ఆ రోజులలో మగవాడా పని నలుగురియెదుట చేయుట వింతయే. మొదట నవ్వినవారు కలరు. ఆయన జడ ముగించి, రిబ్బను ముడి వేసి, చేతులు కడుగుకొని, "ఆఁ, చెప్పండి" అని వారివైపు తిరిగెడివారు. జడ ముగియువఱకు ఎంత తొందరపనియైనను ఆగవలసినదే. కొన్నాళ్ళకు వేచియుండు రైతులే, "పాపిడి కాస్త ఎడమకి పోయిందండీ పంతులుగారూ" అని చెప్పుచుండెడివారు.

చెల్లెలిని విడిచిపెట్టి పోలేక అజమాయిషీకి భుజముమీద నెక్కించుకొని తీసికొని పోయెడివారు. గట్లవెంట నడచుచు ప్రతి హద్దురాతికడ ఆగి, ఆ రాతి నెంబరు చెల్లెలిచేత చెప్పించెడివారు. ఒకటి రెండు మూడని వరుసగా అంకెలు రాకముందే అది ఏ రాయి యెవరి చేనిదో చెప్పగలిగెను. గట్టుమీద ఎదురైన రైతు దానికొక సజ్జకంకియో, తేగయో, పచ్చి మినుపకాయలో ఇచ్చుట యాచారమయ్యెను. అది ఒడిలో పోసికొని ఇంటికి వచ్చి మాకు పంచునపుడు కూడ, ఏది యెవరి చేనిలోనిదో చెప్పి పంచెడిది.

నాన్నగారొక చిన్న నోటుపుస్తకము వ్రాసెడివారు. సర్కారు లెక్కలకును దానికిని సంబంధము లేదు. అది పిల్లల పద్దు. అడంగలువలెనే గడులు గీసి, ఎడమప్రక్క తేదీ, నడుమ సంగతి, కుడిప్రక్క రిమార్కులు. పెద్దమ్మాయికి టీకాలు వేసిరి, చేయి వాచినది, అబ్బాయికి పన్నూడినది, చిన్నవాడు బడికి పోనని యేడ్చెను, పంపితిని, పంపకుండవలసినది, ఈ విధముగా నుండును. అందులో బాకీలు కూడ కలవు. మాలో నెవరేమి యడిగినను అప్పుడు చేత డబ్బు లేకపోయినచో, "లేదు" అని యెన్నడును అనలేదు. నోటుపుస్తకములో బాకీ యని వ్రాసెడివారు. తమ్ముడు మోపిదేవి షష్ఠి తీర్థములో బూర అడిగినాడు, బాకీ. అక్కకు ఆకుపచ్చ పరికిణీ, బాకీ. నాకు జామెట్రీ పెట్టె, బాకీ. అది తీరిననాడు దానికెదురుగా చెల్లు అని వ్రాసి, అడిగినవారిచేత దానిక్రింద సంతకము చేయించెడివారు. చెల్లెలిచేత వ్రేలిముద్ర వేయించెడివారు. ఒక్కొక్క బాకీ తీరుటకు రెండేండ్లు పట్టినదియు కలదు. తీరకుండ పోయినది లేదు. అడిగిన సంగతి మేమే మఱచిపోయిన పిదప, బందరు కలెక్టరు కచేరీకి పోయి వచ్చుచు ఆయన సంచిలోనుండి ఆ వస్తువును తీసినపుడు, మా మాట ఒకచోట వ్రాయబడి యున్నదను ఎఱుక మాకు కలిగించిన భద్రతను నేనిప్పటికిని మాటలలో పెట్టలేను.

కరణములను గూర్చి లోకములో మంచిమాట లేదు. శతకకారులు మొదలుకొని నాటకకర్తల వఱకు అందఱును వారిని నిందించిరి. ఆ నింద నిరాధారమని నేననను. ఒక కలపుపోటుతో ఒకరి సాగు మఱియొకరి పేర నెక్కించి, కోర్టులో ఆ అడంగలు నకలే సాక్ష్యమై నిలువగా, అక్షరము రాని కుటుంబములు నేల పోగొట్టుకొనిన ఉదంతములు కలవు. ఆ అధికారమెట్టిదో నాన్నగారు ఎఱుగుదురు, ఎఱిగినందుననే భయపడెడివారు. ఒకనాటి మునిమాపున మేము బడినుండి వచ్చునప్పటికి మా పెరటిలో క్రొత్తగా ఈనిన గేదె కట్టివేయబడియున్నది, ప్రక్కన దూడ. ఊరిలో కలవాడొకడు పంపినాడట. అన్నములోనికి పలుచని మజ్జిగ పోసికొను పిల్లలము. మేము దాని చుట్టు తిరుగుచు ఎగిరితిమి. చెల్లెలు దూడను కౌగిలించుకొనెను. నాన్నగారు వచ్చి చూచి, ఒక్కక్షణము మా ముఖములవైపును ఒక్కక్షణము గేదెవైపును చూచి, వెట్టిని పిలిచి, పాలు కూడ పిండనీయక తోలించివేసిరి. ఆ కలవాని చేని ప్రక్కన ఒక ముసలమ్మకు ఎకరము చిల్లర కలదు. భర్త లేడు, కొడుకు దేశాంతరము పోయినాడు. ఆ నేలలో సాగుదారు గడిలో తన పేరు పడవలెనని వాని కోరిక. ఈ సంగతి మాకు చాల యేండ్లకు తెలిసినది. ఆ రాత్రి మాత్రము మాకు తెలిసినది ఒక్కటే. ఆయన అన్నము తినలేదు. మరునాటినుండి వాడుకపాలు అరసేరు ఎక్కువ పోయించిరి. దాని బాకీ పాలవానికి పంటమీద తీర్చిరి. నోటుపుస్తకములో ఆనాటి తేదీకెదురుగా "గేదె, బాకీ" అని యున్నది. నాలుగేండ్లకు తన సొంతడబ్బుతో ఒక పడ్డను కొని, చెల్లు వ్రాయించిరి.

వంశపారంపర్యముగా గ్రామోద్యోగమిచ్చుట రాజ్యాంగమునకు విరుద్ధమని, మా ప్రాంతపు మునసబీ తగవు ఒకదానిలో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పెను. ఆ వార్త పత్రికలో చదివి మా బంధువర్గములో చాలమంది కలవరపడిరి. నాన్నగారు నన్ను పిలిచి, "ఏరా అబ్బాయి, నీకీ పనిమీద మనసుందా?" అని యడిగిరి. నాకు పాఠములు చెప్పుట ఇష్టమని చెప్పితిని. "సరే, అలాగే చదువు. నా తరువాత ఎవరో ఒకరు నేర్చుకొని వ్రాస్తారు. తండ్రి వ్రాసాడు కదా అని కొడుకు వ్రాయాలని ఎక్కడుంది?" అనిరి. ఆ తీర్పు న్యాయమైనదని ఆయన అభిప్రాయము, నాదియు నదియే. నన్ను గుంటూరులో చదివించుటకు ఆయన అమ్మ గాజులు కుదువ బెట్టిన సంగతి, విడిపించిన సంగతి, రెండును ఆ పుస్తకములోనే చూచితిని.

1977 నవంబరు 19వ తేదీ శనివారము. కార్తీకమాసము, వరి వెన్ను వంచి కోతకు సిద్ధముగా నున్నది. నేనప్పుడు విజయవాడలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. మా బావగారిది బదిలీల ఉద్యోగమగుటచేత అక్కబిడ్డలిద్దఱు, తొమ్మిదేండ్ల పిల్లయు ఏడేండ్ల పిల్లవాడును, తాతగారియొద్దనే యుండి చదువుకొనుచుండిరి. ఆనాడు జరిగినది మా మేనకోడలు చెప్పినదే చెప్పుచున్నాను. ఉదయమునుండి గాలి, మధ్యాహ్నమునకు పెంకులు ఎగురుట మొదలయ్యెను, సాయంకాలమగునప్పటికి సముద్రమే లేచి వచ్చినది. వీథిలో ఉప్పునీరు మోకాలి లోతున కనబడి, చూచుచుండగనే నడుము దాటెను. నాన్నగారు గదిలో దస్త్రము ముందు నిలిచియుండిరట. పిల్లలిద్దఱు, వృద్ధురాలగు మేనత్త, అటక మీదికి నిచ్చెన, రెండు చేతులు. "తాతయ్య దస్త్రం వైపు చూశారు, మా వైపు చూశారు. మళ్ళీ దస్త్రం వైపు చూడలేదు" అని అది చెప్పును. పిల్లలనిద్దఱిని ఒకరి తరువాత నొకరిని అటకమీదికెత్తి, మేనత్తను వీపున మోసి యెక్కించి, దూలమునకు వేసిన గొలుసును విప్పి దానితో మువ్వురిని దూలమునకు చుట్టి, చివరిలంకెను తన మణికట్టునకు తగిలించుకొనిరట. నేల తాకనీయక అన్నేండ్లు కాపాడిన దస్త్రమును, తాతగారి వ్రాతయు, తాటాకు కవిలెలును గల భోషాణమును ఆ రాత్రి ఉప్పునీటిపాలయ్యెను. పిల్లల నోటుపుస్తకము మాత్రము ఆయన బనీను లోపల నుండెను.

ఆ ఉప్పెనలో దివిసీమ పడిన వినాశము దేశమంతయు ఎఱిగినదే. వేలమంది పోయిరి, పశువులకు లెక్కయే లేదు, సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు తీరగ్రామములు నామమాత్రావశిష్టములైనవి. మా ప్రాంతపు నాయకుడు మండలి వెంకట కృష్ణారావుగారు బురదలో శవములమధ్య తిరుగుచు చేసిన సేవను జనమిప్పటికిని చెప్పుకొందురు. మదర్ థెరీసా వచ్చి చూచి పోయెను. నేను నాలుగవనాటికి ఊరు చేరగలిగితిని. మా యిల్లు సగము నిలిచియున్నది. నాన్నగారింట లేరు. ఊరిబయట, కూలిన రావిచెట్టు మొదటిమీద కూర్చుండి, ఎవరో యిచ్చిన బడిపిల్లల కాపీపుస్తకములో వ్రాయుచుండిరి. మణికట్టునకు గొలుసు ఒరసిన గాయము కట్టులేకయే యున్నది.

చనిపోయినవారి కుటుంబములకు ప్రభుత్వము సాయము ప్రకటించెను, సాయమందవలెనన్న పేరుండవలెను. చావుపుట్టుకల రిజిస్టరు మునసబు పేరనున్నను వ్రాయుచుండినది నాన్నగారే, అదియు పోయినది. నేలల సర్వేపటములకు తాలూకా కచేరీలో ప్రతులున్నవి. మనుష్యులకు ప్రతి యెక్కడిది? ఆయన కన్నులు మూసికొని, ఊరి తూర్పుకొసనుండి ఇంటింటి వరుసను మనసులోనే నడచుచు, ఇక్కడ వీరు, ఇందఱు బిడ్డలు, కడపటి బిడ్డ పుట్టినది ఫలాని కోతలలో అని చెప్పుచు వ్రాసిరి. గోడలు లేని ఊరిలో ప్రతి యింటి గడపను ఆయన ఎఱుగుదురు. కోతలకై పైయూళ్ళనుండి వచ్చి చేలలో గుడిసెలు వేసికొనియుండిన కూలీల సంగతి మఱింత కష్టమయ్యెను. వారి పేర్లెవరికిని తెలియవు, వారి కొఱకు అడుగువారును లేరు. ఏ మేస్త్రి యేయూరినుండి తెచ్చినాడో విచారించి, ఆ యా గ్రామముల కరణములకు ఉత్తరములు వ్రాసి, జవాబులు తెప్పించి, ఒక్కొక్క పేరే చేర్చుచు వచ్చిరి. ఫసలీ 1387 ముగియువఱకు ఆ జాబితా పెరుగుచునే యుండెను. నేను రాత్రులు ఆయనకు దీపము పట్టుకొని కూర్చుంటిని. ఒక పేరు వ్రాయబోయి ఆయన చేయి ఆగినది; మూడునెలల పసికందు, ఇంకను బారసాల కాలేదు. చాలసేపు ఊరకుండి, "పేరు లేదని వదిలేస్తే పుట్టనట్టే అవుతుంది" అని, తల్లిపేరు వ్రాసి, దానిక్రింద "ఆమె కుమార్తె" అని వ్రాసిరి. ఆ తల్లికి సాయము వచ్చినదా, ఎంత వచ్చినది అను సంగతి ఇక్కడ ముఖ్యము కాదు. ఆమె తాను బ్రతికినన్నాళ్ళు సంక్రాంతికి వచ్చి మా వాకిట ముగ్గువేసి పోయెడిది.

1984 జనవరి 6వ తేదీన, నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఆర్డినెన్సుతో కరణములు, మునసబులు మొదలగు గ్రామోద్యోగములను రాష్ట్రమంతట ఒక్కసారిగా రద్దు చేసెను. రికార్డులు వెంటనే స్వాధీనము చేయవలెనని ఉత్తరువు. కొన్నియూళ్ళలో కరణములు దాచిరి. కొందఱు కోర్టులకు పోయిరి. నాన్నగారు ఉప్పెన పిదప మరల తొలినుండి కూర్చిన లెక్కలన్నిటికిని వరుసగా జాబితా వ్రాసి, ఇనుప గొలుసును కూడ ఒక పద్దుగా చేర్చి, వచ్చిన యుద్యోగికి కాఫీ ఇప్పించి, అప్పగించి, రశీదు పుచ్చుకొనిరి. ఆ మధ్యాహ్నము తలారియు వెట్టియు వచ్చి అరుగు క్రింద నిలిచి యేడ్చిరి.  వారిద్దఱికి తన ధాన్యములోనుండి ఏటేట కొలిచి యిచ్చు ఏర్పాటును ఆయన ఆనాడే చేసిరి. ఆ రద్దు మంచిదా చెడ్డదా యని నన్నడుగువారు కలరు. కొడుకని యుద్యోగమిచ్చుట పోవలసినదే. కాని ఊరిలో ప్రతి బిడ్డ పుట్టిన దినమును ఎఱిగిన మనుష్యుని స్థానములో, మూడేండ్లకొకసారి బదిలీయగు మనుష్యుని నిలిపినపుడు పోగొట్టుకొనునదేదో ముందుగా తలపోసియుండవలసినదని నా నమ్మకము.

ఉద్యోగము పోయిన పిదప పదేండ్లకు పైబడి ఆయన జీవించిరి. ఆ కాలమంతయు మనుమలది. వేసవి సెలవులకు నా పిల్లలు, తమ్ముని పిల్లలు, చెల్లెలి పిల్లలు అందఱును ఆ అరుగుమీదికి చేరెడివారు. ఇనుప గొలుసు సర్కారుకు పోయినది గనుక, జనుపతాటిని 66 అడుగులకు తెగగోసి, పది పది లంకెల దూరమున రంగుగుడ్డల ముడులు వేసి, దానితో వారిచేత పెరడును, చెరువుగట్టును, రామాలయపు ఆవరణమును కొలిపించెడివారు. వీసము, పరక, పాతిక, ముప్పాతిక అను పాతలెక్క నా కుమార్తె ఆయనయొద్దనే నేర్చినది. జడలు మరల ఆయన చేతికే వచ్చినవి. ఆ యేండ్లలో ఐదుగురు మనుమరాండ్రు వరుసగా కూర్చుండెడివారు. నోటుపుస్తకము రెండవది మొదలైనది. అందు బాకీలు మారినవి: క్రికెట్ బ్యాటు, రంగుపెన్సిళ్ళు, బందరు లడ్డు. సంతకములు పెట్టించుట మాత్రము మారలేదు. మనుమలలో పెద్దవాడు పరీక్ష తప్పి, ఇంటికి మొగము చూపలేక తిన్నగా తాతగారికడకు పోయినపుడు, ఆయన ఆ మాటయే ఎత్తక, తాను జమాబందీలో ఒకయేడు మొత్తము తప్పి అందఱియెదుట మాట పడిన సంగతి చెప్పుచు వానికి అన్నము పెట్టిరట. ఆ సంగతి ఆయన మాకెన్నడును చెప్పియుండలేదు.

హిందూ వారసత్వ చట్టమునకు మన రాష్ట్రము 1986లో చేసిన సవరణచేత పిత్రార్జితములో ఆడుబిడ్డలకును కొడుకులతో సమానహక్కు కలిగినది. కాని అంతకుముందే పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. మా అక్కకును చెల్లెలికిని అప్పటికే పెండ్లిండ్లైనవి. నాన్నగారు చట్టము పూర్తిగా చదివి, నన్నును తమ్ముని పిలిపించి, నలుగురికిని నాలుగు సమభాగములు వ్రాయుచున్నానని చెప్పిరి. "చట్టం వాళ్ళకివ్వలేదు, నేనిస్తున్నాను. నలుగుర్నీ ఒకే పుస్తకంలో వ్రాసుకున్నాను" అనిరి. మాకిద్దఱికిని అభ్యంతరము లేదు. దస్తావేజును ఆయనే స్వయముగా చిత్తు వ్రాసిరి. కొలతలు తానే నిలిచి వేయించిరి. ఉన్న ఏడెకరముల చిల్లరను నాలుగు చేయుటలో నీరు పాఱు బోదె ప్రతి భాగమునకును అందునట్లును, మెరకయు పల్లమును ఎవరికిని ఎక్కువ తక్కువ కాకుండునట్లును చేయుటకు ఆయనకు రెండు నెలలు పట్టినది. లోపలికి పడిన చెల్లెలి భాగమునకు బాట లేదు. కావున నా చేని దక్షిణపు గట్టువెంబడి పండ్రెండడుగుల వెడల్పున బండి పోవుటకు శాశ్వతముగా త్రోవ విడువవలెనని ఒక షరతు చేర్చి, ఆ త్రోవకు పరిహారముగా నాకు పెరటి మామిడిచెట్టు ఫలసాయము అదనముగా వ్రాసిరి. రిజిస్ట్రారు కచేరీలో సంతకములైన పిదప, మా నలుగురిచేత నోటుపుస్తకములో కూడ సంతకములు చేయించుకొనిరి.

ఇప్పుడు చెల్లెలి చేనిని దాని కొడుకు చేయించుచున్నాడు. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినవి. పండ్రెండడుగుల బాట ట్రాక్టరునకు సరిగా సరిపోవుచున్నది.